గీత వంగిందా, కెమెరా వాలిందా? ఫొటోలో వంకర తీసి క్రాప్ చేసే పద్ధతి

ఫొటో తెరవగానే చాలామంది చెయ్యి క్రాప్ టూల్ మీదికే పోతుంది. నాదీ అలాగే పోయేది. ఒకసారి ఓ గ్రూప్ ఫొటోని చుట్టూ బిగించి ముచ్చటగా క్రాప్ చేసుకున్నాను, ఆ తర్వాత వెనక గోడ విల్లులా వంగి ఉందని కనిపెట్టి లెన్స్ కరెక్షన్ ఆన్ చేశాను, దాంతో చివర నిలబడ్డ ఆయన మోచెయ్యి ఫ్రేమ్ దాటి వెళ్లిపోయింది. సాఫ్ట్‌వేర్ తప్పేమీ చేయలేదు, నేనే వరస తప్పాను. ముందు లెన్స్ తెచ్చిన వంపు తీయాలి, తర్వాత వాలు సరిచేయాలి, కత్తెర అన్నిటికన్నా చివర పట్టుకోవాలి. ఈ వరస ఒక్కటి గుర్తుంటే సగం పని అయిపోయినట్టే, మిగతా సగం ఎక్కడ ఆపాలో తెలియడం.

ముందు అది ఏ వంకరో చూడండి

అన్ని వంకరలకీ ఒకే మందు పనిచేయదు. నిజంగా తిన్నగా ఉన్న వస్తువు, అంటే గోడ అంచో, తలుపు చట్రమో, టైల్స్ మధ్య గీతో, ఫొటోలో వంపు తిరిగి కనిపిస్తే అది లెన్స్ పని. గీత మధ్యభాగం ఫ్రేమ్ అంచువైపు ఉబ్బి పీపా పొట్టలా ఉంటే దాన్ని బ్యారెల్ డిస్టార్షన్ అంటారు, లోపలికి నొక్కుకుపోయి ఉంటే పిన్‌కుషన్. ఎక్కువ దృశ్యం పట్టే వైడ్ లెన్సుల్లో మొదటిది ఎక్కువ, దూరాన్ని దగ్గరికి తెచ్చే టెలీ లెన్సుల్లో రెండోది ఎక్కువ. జూమ్ లెన్సుల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది, చాలావాటిలో వైడ్ చివర పీపా, టెలీ చివర పిన్‌కుషన్, మధ్యలో ఎక్కడో రెండూ లేని ఒక చోటు. మరో మొండి రకం ఉంది, గీత మధ్యలో ఉబ్బి చివర్లకి వచ్చేసరికి వెనక్కి తిరుగుతుంది. అచ్చం మెలితిప్పిన మీసంలా ఉంటుంది కాబట్టి దాన్ని మీసం డిస్టార్షన్ అనే అంటారు. అది ఒక్క స్లైడర్‌కి లొంగదు, ఆ లెన్స్ ప్రొఫైల్, అంటే ఆ లెన్స్ ఎక్కడ ఎంత వంచుతుందో ముందే కొలిచి పెట్టిన ఫైల్, ఉంటేనే శుభ్రంగా పోతుంది.

గీతలు వంగకుండా వాలిపోతే మాత్రం లెన్స్‌ని తిట్టకండి. ఎత్తైన భవనం ముందు నిలబడి కెమెరా పైకెత్తితే గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరికి చేరతాయి. అది మీరు నిలబడిన తీరు వల్ల వచ్చిన పర్‌స్పెక్టివ్. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా అంతే. ఇక మొత్తం ఫ్రేమే ఒక పక్కకి ఒరిగితే అది కేవలం చేతి వాలు, అన్నిటికన్నా తేలిగ్గా పోయేది.

అనుమానంగా ఉంటే ఒక కాగితం తీసుకుని దాని అంచుని స్క్రీన్ మీద ఆ గీత పక్కన ఆనించి చూడండి. గీత కాగితం వెంటే పోతే వంపు లేదు, వాలు మాత్రమే ఉంది. మధ్యలో సందు కనిపిస్తే లెన్స్ వంపు. అయితే ఈ పరీక్ష ఫ్రేమ్ అంచుల దగ్గరి గీతలతో చేయాలి, ఎందుకంటే ఇలాంటి వంపు ఎంతున్నా సరిగ్గా మధ్యలోంచి పోయే గీత వంగదు. సముద్రం ఫొటోలో నీటి గీత నడిమధ్యలో పెడితే తిన్నగా ఉంటుంది, అదే లెన్స్‌తో పై అంచుకో కింది అంచుకో తెస్తే విల్లు అయిపోతుంది. చాలామంది మధ్య గీత చూసి నా లెన్స్ బంగారం అనుకుంటారు.

క్రాప్ ఎందుకు చివర

లెన్స్ వంపుకి ఒక కేంద్రం ఉంటుంది, దాదాపుగా ఫ్రేమ్ మధ్యలో. సాఫ్ట్‌వేర్ చేసేదల్లా ప్రతి పిక్సెల్ ఆ కేంద్రానికి ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాన్ని బట్టి దాన్ని లోపలికో బయటికో జరపడం. కేంద్రం దగ్గర కదలిక దాదాపు సున్నా, మూలల్లో చాలా ఎక్కువ. ఇప్పుడు మీరు ముందే ఎడమ పక్క ఒక ముక్క కోసేసి ఆ ఫొటోని ఫిల్టర్‌కి ఇస్తే అది కొత్త ఫ్రేమ్ మధ్యనే కేంద్రం అనుకుని లెక్క వేస్తుంది. ఒక పక్క వంపు పోతుంది, రెండో పక్క కొత్త వంపు పుడుతుంది.

పిక్సెల్స్‌ని నేరుగా మార్చేసే గింప్ లాంటి ఎడిటర్లలో ఇది నిజంగా ప్రమాదం. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ లాంటివాటిలో మీరు ఏది ముందు నొక్కినా లోపల లెక్క వాటి వరసలోనే జరుగుతుంది కాబట్టి ఫొటో పాడవదు. కానీ మీరు ఎంచుకున్న ఫ్రేమ్ మాత్రం మారిపోతుంది, నా మోచెయ్యి కథలో జరిగింది అదే. ఎలాగూ మళ్లీ క్రాప్ చేయాల్సి వస్తుంది, అదేదో ఒక్కసారే చివర్లో చేసుకుంటే పోలా.

ప్రొఫైల్‌తో మొదలు

మీ లెన్స్‌కి ప్రొఫైల్ ఉంటే చేత్తో కుస్తీ పట్టే పనే లేదు. లైట్‌రూమ్ క్లాసిక్‌లో డెవలప్ మాడ్యూల్‌కి వెళ్లి లెన్స్ కరెక్షన్స్ ప్యానెల్ తెరవండి, ప్రొఫైల్ ట్యాబ్‌లో ఎనేబుల్ ప్రొఫైల్ కరెక్షన్స్ టిక్ పెట్టండి. ఫొటోలో నమోదైన సమాచారం చూసి లెన్స్ ఏదో అదే కనిపెడుతుంది. అక్కడే రిమూవ్ క్రోమాటిక్ అబెరేషన్ కూడా ఉంటుంది, కొమ్మల అంచుల్లో కనిపించే ఊదా, ఆకుపచ్చ గీతల కోసం, దాన్నీ టిక్ చేసేయండి. కింద డిస్టార్షన్ (వంపు), విన్యెటింగ్ (మూలల చీకటి) అని రెండు స్లైడర్లుంటాయి, 0 నుంచి 200 దాకా. 100 అంటే ప్రొఫైల్ చెప్పినంత. దగ్గరి వస్తువుల మీద ఫోకస్ చేసిన ఫొటోల్లో ప్రొఫైల్ కొంచెం అటూ ఇటూ కావచ్చు, అలాంటప్పుడు డిస్టార్షన్‌ని 90కో 110కో జరిపి చూడండి. విన్యెటింగ్ దగ్గర నా అలవాటు వేరు, సగంలో వదిలేస్తాను. మూలలు కొంచెం చీకటిగా ఉంటే కన్ను మధ్యకి పోతుంది, పైగా చీకటి మూలల్ని పూర్తిగా వెలిగిస్తే అక్కడ దాక్కున్న నాయిస్, అంటే ఇసుక చల్లినట్టుండే గరుకు, కూడా పైకి తేలుతుంది.

డబ్బు పెట్టకుండా కావాలంటే డార్క్‌టేబుల్‌లో లెన్స్ కరెక్షన్ మాడ్యూల్ ఉంది, అది లెన్స్‌ఫన్ అనే ఉచిత డేటాబేస్ మీద నడుస్తుంది. రా థెరపీలో కూడా ప్రొఫైల్డ్ లెన్స్ కరెక్షన్ దగ్గర ఇదే లెన్స్‌ఫన్ వాడొచ్చు, లేదంటే అడోబీ వాళ్ల ఎల్‌సీపీ (లెన్స్ ప్రొఫైల్) ఫైల్ చేతిలో ఉంటే దాన్నీ తగిలించొచ్చు.

లెన్స్ పేరు దానంతటది రాకపోతే కారణం సాధారణంగా రెండిట్లో ఒకటి. పాత మాన్యువల్ లెన్స్‌ని అడాప్టర్‌తో తగిలించి ఉంటారు, కెమెరాకి దాని పేరే తెలియదు. లేదా ఫొటో మెసేజింగ్ యాప్‌లోంచి వచ్చి ఉంటుంది, దారిలో ఆ సమాచారమంతా రాలిపోయింది. మొదటిదానికి జాబితాలోంచి లెన్స్‌ని మీరే ఎంచుకోవచ్చు. రెండోదానికి అసలు ఫైల్ అడిగి తెప్పించుకోవడమే మేలు, లేకపోతే చేత్తో సరిచేయాలి.

ఇక్కడే చాలామంది పడే గొయ్యి ఒకటుంది. కెమెరా ఇచ్చే జేపెగ్‌లోనూ, ఫోన్ ఫొటోలోనూ చాలాసార్లు ఈ వంపు అప్పటికే తీసేసి ఉంటుంది. దాని మీద మళ్లీ ప్రొఫైల్ వేస్తే రెండోసారి లాగినట్టవుతుంది, పీపా కాస్తా పిన్‌కుషన్‌గా మారుతుంది. అందుకే జేపెగ్ అయితే ముందు కాగితం పరీక్ష చేయండి, గీత తిన్నగా ఉంటే ప్రొఫైల్ జోలికి పోకండి. మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి రా ఫైల్‌లోనే, అంటే కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైల్‌లోనే, లెన్స్ దిద్దుబాటు వివరాలు వస్తాయి. అలాంటి ఫైల్ తెరిస్తే లైట్‌రూమ్ ప్యానెల్ కిందిభాగంలో బిల్ట్-ఇన్ ప్రొఫైల్ వేశామని చిన్న అక్షరాల్లో చెబుతుంది, అది చూసుకోకుండా టిక్ పెట్టాం ఏమీ మారలేదేంటని జుట్టు పీక్కోవద్దు.

ప్రొఫైల్ లేకపోతే చేత్తో

గింప్‌లో ఫిల్టర్స్ మెనూలో డిస్టార్ట్స్ కింద లెన్స్ డిస్టార్షన్ ఉంటుంది. తెరిచే ముందు పక్కనున్న రూలర్ మీద మౌస్ పట్టుకుని ఒక గైడ్ గీత లాగి, వంగిన గోడ అంచు రెండు కొసల్నీ తాకేలా పెట్టుకోండి. గోడ కొంచెం వాలి ఉండి గైడ్ కుదరకపోతే మన కాగితం అంచు ఉండనే ఉంది. తర్వాత మెయిన్ అనే స్లైడర్‌ని జరపండి. ఒక వైపు జరిపితే ఫొటో ఉబ్బుతుంది, ఇంకో వైపు జరిపితే నొక్కుకుంటుంది, మీకు కావలసిన దిక్కు ఏదో రెండు క్షణాల్లో తెలిసిపోతుంది. చాలా కొద్దిగా జరపండి, గోడ మధ్యభాగం గీతని తాకగానే ఆపండి. మధ్యంతా కుదిరి చివర్లు మాత్రం ఇంకా వంగి ఉంటే అప్పుడు ఎడ్జ్ స్లైడర్ ముట్టుకోండి, ముందే రెండూ కలిపి ఆడిస్తే ఏది ఏం చేస్తుందో తెలియక గంట గడిచిపోతుంది. అంచుల్లో ఖాళీ వస్తే జూమ్‌తో కొంచెం పెంచి నింపొచ్చు, కానీ నేను దాన్ని వదిలేసి క్రాప్‌లోనే చూసుకుంటాను.

లైట్‌రూమ్‌లో ఇదే పని మాన్యువల్ ట్యాబ్‌లో డిస్టార్షన్ అమౌంట్‌తో, కుడికి జరిపితే పీపా పోతుంది, ఎడమకి జరిపితే పిన్‌కుషన్.

చుట్టూ ఉన్నదంతా గుండ్రంగా వంచి పట్టే ఫిష్‌ఐ లెన్స్ అయితే ఆలోచించి మొదలుపెట్టండి. దానిలో వంపు లోపం కాదు, దాన్ని అలా వంగేలాగే తయారుచేశారు. పూర్తిగా తిన్నగా చేయబోతే మూలలు రబ్బరులా సాగి పనికిరాకుండా పోతాయి, అవి కోసేశాక మిగిలేది మామూలు వైడ్ ఫొటోనే. ఫొటోషాప్‌లో అడాప్టివ్ వైడ్ యాంగిల్ అనే ఫిల్టర్ ఉంది, అందులో ఏ గీతలు తిన్నగా ఉండాలో మీరే గీసి చెప్పొచ్చు, మిగతావాటిని వదిలేయొచ్చు. ఫిష్‌ఐకి నాకు నచ్చిన దారి అదే.

వాలిన గోడలు

వంపు పోయాకే దీనికి రండి. వంగిన గీతని నిలువు చేయమంటే సాఫ్ట్‌వేర్ మాత్రం ఎలా చేస్తుంది, ఏ ముక్కని పట్టుకోవాలో తెలియదు కదా. లైట్‌రూమ్‌లో ట్రాన్స్‌ఫార్మ్ ప్యానెల్‌లో అప్‌రైట్ కింద ఆటో, గైడెడ్, లెవెల్, వర్టికల్, ఫుల్ అని బటన్లు ఉంటాయి. లెవెల్ ప్రధానంగా నీటి గీతలాంటి అడ్డగీతల్ని చూస్తుంది, వర్టికల్ దానితోపాటు నిలువులు కూడా, ఫుల్ అన్నిటినీ బలంగా లాగేస్తుంది. ఆటో ఒకసారి నొక్కి చూడండి, నచ్చితే అక్కడితో అయిపోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి దేనికి.

ఆటో తప్పితే గైడెడ్. ఫొటో మీద మీరే గీతలు గీస్తారు, కనీసం రెండు, ఎక్కువలో ఎక్కువ నాలుగు. భవనం ఎడమ అంచు మీద ఒకటి, కుడి అంచు మీద ఒకటి గీస్తే నిలువులు కుదురుతాయి. రెండు గీతలూ వీలైనంత పొడవుగా, వీలైనంత దూరదూరంగా ఉండాలి, పక్కపక్కనే ఉన్న రెండు కిటికీల మీద గీస్తే చిన్న పొరపాటు కూడా ఫొటో అంతటికీ పాకుతుంది. గీసేది నిజంగా నిటారుగా ఉన్న వస్తువేనా అని కూడా చూసుకోండి. ఒకసారి నేను దీపస్తంభాన్ని నమ్ముకుని గీశాను, తీరా చూస్తే ఆ స్తంభమే ఒరిగి ఉంది, భవనం మొత్తం దాని పక్షాన చేరిపోయింది.

ఎక్కడ ఆపాలన్నది ఇక్కడే అసలు ప్రశ్న. బాగా పైకెత్తి తీసిన ఫొటోలో గోడల్ని నూటికి నూరు నిలువు చేస్తే భవనం పైభాగం బరువెక్కి మన మీదకి వాలుతున్నట్టు అనిపిస్తుంది, మన కంటికి కొంచెం సన్నబడటమే సహజం. నేను పూర్తిగా నిలువు చేసి, ఆ తర్వాత వర్టికల్ స్లైడర్‌తో కొద్దిగా వెనక్కి వదులుతాను. దిద్దాక భవనం పొడుగ్గా సాగినట్టో పొట్టిగా అణిగినట్టో ఉంటే దానికి యాస్పెక్ట్ స్లైడర్ ఉంది, చాలామంది దాని ముఖమే చూడరు. ఇంకోటి, ఫొటోలో పైభాగం అసలే చిన్నగా పడింది, దాన్ని లాగి పెద్దది చేస్తున్నారు కాబట్టి అక్కడి వివరం పలచబడుతుంది. వాలు ఎంత ఎక్కువ ఉంటే అంత నష్టం. తీసేటప్పుడే నాలుగడుగులు వెనక్కి వేసి కెమెరాని నిటారుగా పట్టుకుంటే ఈ గొడవ సగం తగ్గుతుంది, కింద అక్కర్లేని నేల ఎక్కువ పడుతుంది, పడనీండి, దాన్ని తర్వాత కోసేయొచ్చు.

కాగితం, బోర్డు, గోడకున్న చిత్రం లాంటివి పక్కనుంచి తీసినవైతే ఫొటోషాప్‌లో పర్‌స్పెక్టివ్ క్రాప్ టూల్ సులువు, నాలుగు మూలలు పెట్టి ఎంటర్ కొట్టడమే. వాలు తీయడం, కత్తిరించడం ఒకే దెబ్బకి. కాకపోతే పొడవు వెడల్పుల నిష్పత్తి తప్పే అవకాశం ఉంది, ఏ4 కాగితమైతే పైన గడుల్లో 210 mm, 297 mm అని ముందే ఇచ్చేయండి. గింప్‌లో పర్‌స్పెక్టివ్ టూల్ తీసుకుని డైరెక్షన్‌ని కరెక్టివ్‌కి మార్చుకుంటే గడిని వాలిన వస్తువు మీద అమర్చి సరిచేయొచ్చు. ఫోన్‌లో అయితే స్నాప్‌సీడ్‌లో పర్‌స్పెక్టివ్ ఉంది, చిన్నచిన్న వాలుకి అది చాలు.

మనుషులుంటే ఆగండి

ఇళ్లకి, గదులకి మంచి చేసే దిద్దుబాటు ముఖాలకి చెడు చేస్తుంది. వైడ్ లెన్స్ ఫొటోలో పీపా వంపు తీసేటప్పుడు మూలలు బయటికి సాగుతాయి, ఆ మూలలో ఉన్నవాళ్ల తలలు కూడా సాగుతాయి. గోడ తిన్నబడింది, పాపం చివరాయన తల గుమ్మడికాయ అయింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. గ్రూప్ ఫొటో అయితే డిస్టార్షన్‌ని తగ్గించి సగం వంపు అలాగే ఉండనివ్వండి, వెనక గోడ కొంచెం ఉబ్బితే ఎవరూ పట్టించుకోరు, తమ ముఖం సాగితే మాత్రం ఎవరూ ఊరుకోరు.

ఇప్పుడు క్రాప్

ముందు ఒరుగు తీయండి. లైట్‌రూమ్‌లో ఆర్ కీ నొక్కితే క్రాప్ వస్తుంది, అందులో యాంగిల్ టూల్‌తో నీటి గీత వెంటో, నిలువు స్తంభం వెంటో ఒక గీత గీస్తే అదే తిప్పేస్తుంది. గింప్ 2.10లో మెజర్ టూల్‌తో గీత కొలిచి స్ట్రెయిటెన్ నొక్కితే అదే పని అవుతుంది. తిప్పడం ఉచితం అనుకోకండి. 3:2 ఫొటోని అదే నిష్పత్తిలో ఉంచుతూ 1 డిగ్రీ తిప్పితే దాదాపు 5 శాతం పిక్సెల్స్ పోతాయి, 2 డిగ్రీలకి దాదాపు 10 శాతం, 5 డిగ్రీలకి దాదాపు 21 శాతం. తీసేటప్పుడు వ్యూఫైండర్‌లో గ్రిడ్ ఆన్ చేసుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు తెలియదు.

దిద్దుబాట్లన్నీ అయ్యాక అంచుల్లో తెల్లటి ముక్కోణాలు మిగులుతాయి. కన్‌స్ట్రెయిన్ క్రాప్ టిక్ పెడితే అవి కనిపించకుండా సాఫ్ట్‌వేరే కోసేస్తుంది. తొందరలో ఉంటే అదే వాడండి. కానీ అది ఖాళీ రాకుండా చూస్తుందే తప్ప ఫొటోలో ఏముందో చూడదు, శిఖరం అంచు తెగిందా, చెయ్యి తెగిందా దానికి పట్టదు. నేను దాన్ని ఆఫ్ చేసి గడిని చేత్తో జరుపుతాను, ముఖ్యమైనది తెగేలా ఉంటే వెనక్కి వెళ్లి వాలు దిద్దుబాటు కొంచెం తగ్గించి వస్తాను. చిన్న ముక్కోణం ఆకాశంలోనో, గడ్డిలోనో, ఇసుకలోనో పడితే ఫొటోషాప్‌లో కంటెంట్ అవేర్ ఫిల్‌తో నింపేయొచ్చు, తేడా తెలియదు. ఇటుక గోడలోనో, మనిషి మీదో పడితే ఆ ప్రయత్నం వద్దు.

నిష్పత్తి ముందే తేల్చుకోండి. 4×6 ప్రింట్ అంటే 3:2, 8×10 అంటే 5:4, స్క్రీన్ కోసం అయితే 16:9. తాళం గుర్తు వేసుకుంటే లాగేటప్పుడు చెదరదు, అడ్డం నుంచి నిలువుకి మారాలంటే లైట్‌రూమ్‌లో ఎక్స్ కీ. ఎంత కోయొచ్చన్నదానికి చిన్న లెక్క. 6000×4000 ఫొటో అంటే 24 మెగాపిక్సెల్. నాలుగు పక్కలా పదేసి శాతం తీస్తే మిగిలేది 4800×3200, అంటే 15.4 మెగాపిక్సెల్, మూడో వంతుకి పైగా పోయింది. అయినా అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్కన 16 అంగుళాల వెడల్పు ప్రింట్‌కి సరిపోతుంది కాబట్టి ఈ మాత్రానికి టెన్షన్ అక్కర్లేదు.

ఫొటోషాప్‌లో, గింప్‌లో క్రాప్ చేసేటప్పుడు డిలీట్ క్రాప్డ్ పిక్సెల్స్ టిక్ తీసేయండి, కోసిన భాగం లోపల దాగి ఉంటుంది, రేపు మనసు మారితే తిరిగొస్తుంది. అలా నిలవాలంటే ఫైల్‌ని పీఎస్‌డీలోనో (ఫొటోషాప్ సొంత ఫైల్) ఎక్స్‌సీఎఫ్‌లోనో (గింప్ సొంత ఫైల్) సేవ్ చేయాలి, జేపెగ్‌లో సేవ్ చేస్తే ఇక అంతే.

ఒకే చోట ఒకే లెన్స్‌తో తీసిన వంద ఫొటోలుంటే లెన్స్ ప్రొఫైల్‌ని అన్నిటికీ సింక్ చేసేయండి, వాలు, క్రాప్ మాత్రం సింక్ చేయకండి, ఒక్కో ఫొటోకి మీ చెయ్యి ఒక్కోలా ఒరిగి ఉంటుంది. షార్పెనింగ్ ఇంకా మిగిలి ఉంటే ఇప్పుడు చేయండి, ముందే పదును పెట్టి తర్వాత లాగితే ఆ పదునే గరుకుగా తేలుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు 100 శాతానికి జూమ్ చేసి నాలుగు మూలలూ ఒక్కోటీ చూడండి. ఏదైనా మూల అలికినట్టు మెత్తగా ఉంటే రెండే దారులు, దిద్దుబాటు కొంచెం వెనక్కి తీసుకోండి, లేదా ఆ మూల దాకా క్రాప్ లోపలికి జరపండి.